ముఖమున్న కొండ



అనంతపురం నుంచి ఉరవకొండ, విడపనకల్లు మీదుగా బళ్ళారికి బస్సులో వచ్చే అలవాటు మీలో చాలామందికి ఉంటుంది. పెళ్ళిబట్టలకని, ఆసుపత్రికని, బంధువుల ఇండ్లకని మనవాళ్ళు ఈ దారిన తిరగని రోజు లేదు. నేను మొదటిసారి ఈ దారిన వచ్చింది మా నాయన ఒడిలో కూర్చుని. ఊరు ఇంకా కొంత దూరం ఉందనగా ఆయన నా గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పి, "అదిగో సూడు నాయనా, కొండకు మొగం ఉండాది. అది నొసలు, అది ముక్కు, ఆ కింద గడ్డం" అన్నాడు. నేను చూశాను. నాకు రాళ్ళు కనిపించాయి. కనిపించలేదంటే ఏమనుకుంటాడో అని "ఆ, కనిపించింది" అన్నాను. నిజంగా కనిపించింది ఆ తర్వాత మూడో ప్రయాణంలోనో నాలుగో ప్రయాణంలోనో. ఒకసారి కనిపించాక ఇక దాన్ని ఉత్త కొండగా చూడటం నా వల్ల కాలేదు.

ఆ కొండను కన్నడంలో కుంబార గుడ్డ అంటారు. ఇంగ్లీషు పేరు ఫేస్ హిల్. మన ఇండ్లలో ఎక్కువగా వినపడేది "ఫేసు హిల్లు". బళ్ళారి ఊరి మధ్య లేచి నిలబడిన రెండు పెద్ద కొండలలో ఇది ఒకటి. రెండోది కోట ఉన్న బళ్ళారి గుడ్డ. ఇక్కడ ఒక చిన్న మాట. కన్నడంలో గుడ్డ అంటే కొండ, మనకు గుడ్డ అంటే బట్ట. కర్నూలు వైపు నుంచి కొత్తగా కోడలై వచ్చిన మా బంధువు ఒకామె, ఊళ్ళో ఇన్ని గుడ్డల పేర్లు విని, ఇది బట్టల వ్యాపారం ఊరు కాబోలు అనుకున్నదట. జీన్సు ప్యాంట్లు కుట్టే ఊరు కాబట్టి ఆమె అనుకున్నది పూర్తిగా తప్పూ కాదు.

కుంబార అంటే కుమ్మరి. కుంబార గుడ్డ అంటే మన మాటలో కుమ్మరి గుట్ట. ఒకే కొండకు రెండు పేర్లు ఎలా నిలిచాయో చూడండి. ఒక పేరు మట్టిని పిసికి బతికే మనుషులను గుర్తు చేస్తుంది. మరొక పేరు ఆ కొండ ఆకారాన్నే మనిషిని చేస్తుంది. కొండలకు పేర్లు పెట్టడంలో మనవాళ్ళకు ఉన్న పద్ధతులు చాలా. లోపల దొరికే వస్తువును బట్టి పెడతారు. బళ్ళారికి పడమట ఉన్న కాపర్ మౌంటెన్‌కు ఆ పేరు పాత రాగి తవ్వకాల వల్ల వచ్చిందని చెబుతారు. పైన వెలసిన దేవుణ్ణి బట్టి పెడతారు. సండూరు దగ్గరి కుమారస్వామి కొండ అలాంటిది. ఆకారాన్ని బట్టి పెట్టడం మూడో పద్ధతి. మీరు ఇందాక బస్సులో దాటి వచ్చిన ఉరవకొండ సంగతే తీసుకోండి. ఉరగం అంటే పాము. పడగ విప్పిన పాములా కనిపిస్తుంది కాబట్టి ఉరగకొండ, అదే ఉరవకొండ అయిందని పెద్దలు చెప్పే మాట. అంటే ఆ దారిలో మొదట పాము పడగ, ఆ తర్వాత మనిషి ముఖం. టికెట్టు లేని ప్రదర్శన.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ ముఖం అన్ని వైపుల నుంచీ కనిపించదు. ఆగ్నేయ దిక్కు నుంచి చూసినప్పుడే కొండ అంచు మనిషి ముఖంలా ఉంటుందని చెబుతారు, నా అనుభవమూ అదే. హోస్పేట వైపు నుంచి, అంటే పడమటి నుంచి వచ్చేవారికి అది అన్ని కొండల వంటి కొండే. ఆగ్నేయం ఎవరి దిక్కు? ఉరవకొండ దిక్కు, అనంతపురం దిక్కు. ఈ సరిహద్దు జిల్లాలో తెలుగువాళ్ళం ఏది మనది, ఏది వాళ్ళది అని చాలా కాలం వాదులాడుకున్నాం. కానీ ఆ కొండ మాత్రం తన ముఖాన్ని మన దారికి చూపిస్తూ నిలబడింది. ఇందులో హక్కు మాటేమీ లేదు, నవ్వుకోవడానికి చెబుతున్నాను. అయినా మా నాయన మాత్రం నవ్వుకోకుండానే చెప్పేవాడు.

ఆయనకు అందుకు కారణం ఉండేది. బళ్ళారి ఒకప్పుడు చాలా పెద్ద జిల్లా. నిజాం 1800లో ఇంగ్లీషు కంపెనీకి వదులుకున్న దత్త మండలాలలో ఇది భాగం. థామస్ మన్రో అప్పుడు ఈ మండలాలకు ప్రధాన కలెక్టరు. అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి నుంచి విడివడి పుట్టింది. అంటే అంతకు ముందు అనంతపురం రైతు శిస్తు కాగితం మీద ఉన్న పేరు బళ్ళారే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. బళ్ళారి తాలూకా సంగతి తేల్చడానికి జస్టిస్ మిశ్రా విచారణ జరిపారు. చివరకు బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. మా మేనత్త ఇల్లు అటు, మా ఇల్లు ఇటు పడ్డాయి. ఉగాదికి వెళ్ళడానికి అదే బస్సు, అదే దారి. ఒకటే తేడా, నడుమ ఒక చెక్‌పోస్టు వచ్చింది. ఆ కొండ ముఖం కనిపించగానే "అక్క ఊరొచ్చింది" అనేవాడు నాయన. రాష్ట్రం మారిందన్న మాట ఆయన నోట ఆ దారిలో నేను వినలేదు.

ఈ ముఖానికి ఒక కథ ఉంది. బళ్ళారివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. పై కోట కట్టించింది విజయనగర సామంతుడు హనుమప్ప నాయకుడని ప్రతీతి. తర్వాత 18వ శతాబ్దంలో ఊరు హైదరాలీ చేతికి వచ్చింది. ఆయన ఒక ఫ్రెంచి ఇంజనీరును పెట్టి కోటను బాగు చేయించి, కింద మరో కోట కట్టించాడు. కోట తయారైంది. హైదరాలీ వచ్చి పైకెక్కి చుట్టూ చూశాడు. పక్కన కుంబార గుడ్డ కోట ఉన్న కొండకంటే ఎత్తుగా కనిపించింది. అంటే శత్రువు ఆ కొండ ఎక్కి ఫిరంగి పెడితే కోట లోపల ఏం జరుగుతున్నదీ కనిపిస్తుంది, గుండూ నేరుగా లోపలే పడుతుంది. ఇంత ఖర్చు పెట్టించి, పక్కనున్న కొండను చూసుకోలేదా అని ఆగ్రహించి ఆ ఇంజనీరును ఉరి తీయించాడట. కోట తూర్పు వాకిలి దగ్గర ఒక సమాధిని చూపించి, ఇదే ఆయనది అంటారు. కాదు, అది ఒక ముస్లిం సాధువు సమాధి అని నమ్మేవారూ ఉన్నారు.

ఈ కథను చరిత్ర అని నేను మీకు అప్పగించడం లేదు. కోట కట్టిన మేస్త్రీకి చివరకు శిక్ష పడిందనే కథలు దేశమంతా ఉన్నాయి. కానీ కథలోని లెక్క మాత్రం తప్పు కాదు. కోటకు ఎదురుగా ఎత్తు కొండ ఉంటే అది కోటకు గండమే. నాకు ఆశ్చర్యం కలిగించేది మరొకటి. రోజూ కళ్ళెదుట ఉన్న కొండను చూడనందుకు ఒక మనిషి ప్రాణం పోయిందనే కథ కూడా, ముఖం చూపించే ఆ కొండకే అంటుకుంది.

కొండకు ముఖం ఎలా వచ్చింది? దీనికి రెండు సగాలు. ఒక సగం రాతిలో ఉంది, రెండో సగం మన తలలో ఉంది.

రాతి సంగతి ముందు చెబుతాను. బళ్ళారి చుట్టూ ఉన్న ఈ బోడికొండలు గ్రానైటు జాతివి. వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. భూమి లోతున కాగి, గట్టిపడి, పైనున్న పొరలు అరిగిపోయాక బయటపడిన రాయి ఇది. మీదనున్న బరువు తొలగేసరికి రాయి ఉబ్బి పగులుతుంది. ఆ పగుళ్ళు నిలువుగానూ అడ్డంగానూ పోతాయి. వాటిలోకి వాన నీరు దిగుతుంది. పగటి ఎండకు, రాత్రి చలికి, నీటికి రాయి అంచులు మెత్తబడి రాలుతాయి. మూలలు ముందు అరుగుతాయి కనుక చదరపు బండ కాలక్రమేణా గుండ్రని గుండు అవుతుంది. ఉల్లిపాయ పొరల మాదిరి పెచ్చులు లేచిపోతాయి. ఒకచోట గుండు నిలిచి ముక్కు అవుతుంది, ఒకచోట పెచ్చు రాలి కనుగుంట అవుతుంది. ఉలి లేదు, శిల్పి లేడు. మీ చేని గట్టు మీద నిలబడ్డ గుండ్లు కూడా ఇలా తయారైనవే.

రెండో సగం ఇంకా వింత. మన మెదడు ముఖాలను వెతికే పనిలో ఎప్పుడూ మునిగే ఉంటుంది. పుట్టిన బిడ్డ కూడా మిగతా బొమ్మలకంటే ముఖం వంటి బొమ్మ వైపు ఎక్కువగా కళ్ళు తిప్పుతుందని పరిశోధకులు చూపించారు. రెండు చుక్కలు, వాటి కింద ఒక గీత ఉంటే చాలు, మనకు ముఖమే. గోడ మీద తేమ మరకలో, మబ్బులో, దోసె మీద మాడిన చారల్లో ముఖం కనపడటం అందుకే. 1976 జూలై 25న వైకింగ్ 1 అనే అమెరికా నౌక అంగారక గ్రహం మీద ఒక గుట్ట ఫొటో తీసింది. అందులో అచ్చంగా మనిషి ముఖం! అది వెలుగునీడల మాయ అని శాస్త్రజ్ఞులు అప్పుడే చెప్పారు. కానీ వినేదెవరు? అంగారకవాసులు కట్టిన విగ్రహమని పుస్తకాలు వచ్చాయి. 1998లో, మళ్ళీ 2001లో మరో నౌక దగ్గరి నుంచి, స్పష్టమైన ఫొటోలు తీసింది. ముఖం మాయమైంది. మామూలు గుట్ట మిగిలింది.

దూరపు కొండలు నునుపు అని మనం అంటాం. కన్నడంవారు దూరద బెట్ట నుణ్ణగె అంటారు. రెండు భాషల్లో ఒకటే సామెత. సాధారణంగా దీన్ని మోసపోయిన వాళ్ళ మీద వాడతాం. కానీ ఫేసు హిల్లు విషయంలో సామెతను తిరగేసి చూడాలి. దగ్గరికి పోతే ముఖం లేదు. కొండ కింద కాపురం ఉన్నవాళ్ళకు కనిపించేది బండలు, తుప్పలు, నీళ్ళు జారిన నల్ల చారలు. ముఖం చూడాలంటే దూరం కావాలి, తగిన దిక్కు కావాలి, తగిన పొద్దు కూడా కావాలి. ఉదయం ఎండ మన వెనక నుంచి కొండ మీద పడుతుంది కనుక అప్పుడు రాతి మీది గుంటలు, గీతలు బాగా తెలుస్తాయి. సాయంత్రం పొద్దు కొండ వెనక్కి దిగితే లోపలి వివరాలన్నీ పోయి అంచు గీత ఒక్కటే మిగులుతుంది. బళ్ళారి రాఘవగారు, 1880లో పుట్టి 1946లో కన్నుమూసిన ఆ మహానటుడు, ఒకే ముఖంతో ఎన్నో పాత్రలను నిలబెట్టారని పెద్దలు చెబుతారు. ఆయన ఊరి కొండకూ ఆ విద్య కొంత వచ్చు.

మనుషులు కొండలో మనిషిని చూసింది ఒక్క బళ్ళారిలోనే కాదు. మెక్సికో దేశంలో ఇస్తాక్సివాతల్ అనే పర్వతం ఉంది. ఆ మాటకు అక్కడి పాత భాషలో తెల్లని స్త్రీ అని అర్థం. మంచు కప్పుకుని పడుకున్న ఆడమనిషిలా ఉంటుంది. దాని శిఖరాలను తల, రొమ్ము, మోకాళ్ళు, పాదాలు అనే పిలుస్తారు. ఐర్లండులో రెండు గుండ్రని కొండలను అను అనే దేవత రొమ్ములుగా చెప్పుకుంటారు. కాంచనజంగ కొండల వరుసను ఒక వైపు నుంచి చూసి పడుకున్న బుద్ధుడు అంటారు. మనవాళ్ళు మనిషి దగ్గర ఆగలేదు. తిరుమల ఆదిశేషుని పడగ, అహోబిలం నడుము, శ్రీశైలం తోక అని ఒక కొండల వరుసనంతా ఒకే శరీరం చేశారు.

మాటల్లోనూ అంతే. కొండ నెత్తి, కొండ నడుము, కొండ పాదం అంటాం. బావికి నోరు ఉంది. ఊరికి నడిబొడ్డు ఉంది. ఊరు కట్టేటప్పుడు పాతే రాయి బొడ్రాయి. అంటే ఊరికి బొడ్డు పెట్టి దాన్ని బతికిన ప్రాణిగా చేసుకున్నాం. కొండకు ముఖం చూడటం ఆ అలవాటులోదే.

బళ్ళారి ప్రాంతంలో ఈ అలవాటు ఎంత పాతదో చెప్పడానికి రెండు జాడలు ఉన్నాయి. ఒకటి బూడిద దిబ్బలు. కుడితిని దగ్గర, హంపి దగ్గర నింబాపురంలో పెద్ద బూడిద దిబ్బలున్నాయి. నింబాపురం దిబ్బను వాలిని దహనం చేసిన చోటు అంటారు. అంత బూడిద కావాలంటే అంత పెద్ద శరీరం ఉండి ఉండాలి కదా అని జనం లెక్క వేశారు. తవ్విచూసిన పండితులు తేల్చింది వేరు. వేల ఏళ్ళ కిందట పశువుల కాపరులు ఒకే చోట పేడ పోగుచేసి, మళ్ళీ మళ్ళీ కాల్చగా మిగిలిన బూడిద అది. వాలి కాదు, ఆవులు. అయితే నాకు రెండోది విన్నాక మొదటిదాని మీద ప్రేమ తగ్గలేదు.

రెండో జాడ ఊరికి దగ్గరలోని సంగనకల్లు, కుప్పగల్లు గుట్టలు. అక్కడ నూతన శిలాయుగం మనుషులు నల్లరాతితో గొడ్డళ్ళు చేసుకుని బతికారు. బూడిదరంగు గ్రానైటు మధ్య నల్లని డోలరైటు రాయి ఒక చారలా సాగుతుంది. ఆ నల్లరాతి మీద వాళ్ళు రాతితో పొడిచి పొడిచి పొడవాటి కొమ్ముల ఎద్దులను, మనుషులను గీశారు. ఫాసెట్ అనే ఆయన 1892లో వీటి గురించి ప్రచురించాడు. అక్కడ కొన్ని బండలను రాయి పెట్టి కొడితే గంటలా మోగుతాయి. నికోల్ బోవన్ అనే పరిశోధకురాలు 2004లో ఈ మోగే రాళ్ళ గురించి రాసింది. ఆలోచించండి. ఒకరు కొండలో మనిషిని చూశారు. మరొకరు కొండ మీద మనిషిని గీశారు. ఇంకొకరు కొండకు గొంతు ఉందని కనిపెట్టారు. ముగ్గురూ ఈ బళ్ళారివాళ్ళే.

అయితే ఆ కుప్పగల్లు గుట్టలనే కంకరకోసం, రాతికోసం పగలగొట్టారు. అన్ని వేల ఏళ్ళ గీతలున్న రాళ్ళలో కొన్ని పిండి అయి రోడ్లలోకి పోయాయి. ఇక సండూరు కొండల సంగతి నేను చెప్పాలా? ఇనుప ఖనిజం తవ్వకాలు హద్దు మీరి, రెండు రాష్ట్రాల మధ్య సరిహద్దు గుర్తులు కూడా చెరిగిపోయాయి. సరిహద్దు కొండ మీది అమ్మవారి గుడి ఒకటి తవ్వకాలకు నేలమట్టమైంది. చివరకు 2011 జూలైలో సుప్రీం కోర్టు బళ్ళారి జిల్లాలో తవ్వకాలు ఆపించింది. తర్వాత షరతులతో మళ్ళీ మొదలయ్యాయి. మా నాయన కాలంలో రాష్ట్రం ఎక్కడ ఆగుతుందో చెప్పడానికి కొండ గుర్తు. కొండే జరిగిపోతే గుర్తు ఎక్కడ పెడతాం?

కొండ ముఖం మనం ముట్టుకోకపోయినా పోవచ్చు. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ అనే రాష్ట్రంలో ఒక కొండ చరియ మీద ముసలివాని ముఖం ఉండేది. ఆ రాష్ట్రానికి అదే చిహ్నం. నాణెం మీద కూడా ముద్రించారు. పగుళ్ళు పెద్దవి అవుతున్నాయని దశాబ్దాల తరబడి ఇనుప కడ్డీలు బిగించి, సందుల్లో నీరు దిగకుండా పూత పూసి కాపాడారు. 2003 మే 3న తెల్లవారి చూస్తే ముఖం లేదు. రాత్రి రాలిపోయింది. జనం కొండ కిందికి వచ్చి పూలు పెట్టి ఏడ్చారు. అయిన మనిషి పోయినట్టే.

మన కొండకు అలాంటి గండం ఇప్పుడు ఉందని నేను అనను. మనకున్న గండం వేరు. కొండ ఉంటుంది, చూసే చోటు ఉండదు. ఆగ్నేయం వైపు ఊరు పెరుగుతూనే ఉంది. ఒకప్పుడు జొన్నచేల మీదుగా కనిపించిన అంచు గీత ఇప్పుడు మేడల సందున, నీళ్ళ ట్యాంకుల వెనక, హోర్డింగుల పక్కన వెతుక్కోవాలి. ముఖం పోవడానికి రాయి రాలక్కర్లేదు, చూసే దారి మూసుకుపోయినా చాలు. హైదరాబాదులో గ్రానైటు గుండ్లు మాయమవుతుంటే కొందరు పట్టుబట్టి, కొన్నిటిని వారసత్వ కట్టడాల జాబితాలోకి ఎక్కించారు. శిల్పారామంలోని ఎలుగుబంటి ముక్కు అనే రాయి అందులో ఒకటి. ఎలుగుబంటి ముక్కుకు దక్కిన రక్షణ మనిషి ముఖానికి దక్కకూడదా అని నా వంటివాడు అడిగితే తప్పు పట్టకండి. కొండను కాపాడటం ఒక పని. కొండను చూసే నాలుగు గజాల చోటును ఖాళీగా ఉంచడం మరో పని. రెండోదానికి పెద్ద డబ్బు అక్కర్లేదు. దారి పక్కన ఒక అరుగు, ఒక వేపచెట్టు, "ఇక్కడ నిలబడి చూడండి" అని తెలుగులోనూ కన్నడంలోనూ ఒక బోర్డు ఉంటే సరిపోతుంది.

పేర్ల సంగతీ అంతే. 2014 నవంబరు 1 నుంచి ఊరి పేరును ఇంగ్లీషులోనూ బళ్ళారి అనే రాస్తున్నారు. 2021లో హోస్పేట, హంపి విజయనగర జిల్లాగా విడిపోయాయి. కాగితాలు మారుతూనే ఉంటాయి. కుంబార గుడ్డ అన్న పేరును పోనివ్వకండి. ఫేసు హిల్లు అన్నదాన్నీ తోసేయనక్కర్లేదు. పిల్లలకు రెండూ చెప్పండి.

నేను కిందటి సంక్రాంతికి బెంగుళూరు నుంచి వచ్చిన మా మనవణ్ణి తీసుకుని అదే దారిన బళ్ళారి వెళ్ళాను. మేనత్త ఇంట్లో ఇప్పుడు ఆమె మనవలున్నారు. విడపనకల్లు దాటాక వాడి గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పాను. "అదిగో నాయనా, అది నొసలు, అది ముక్కు" అన్నాను. వాడు చాలాసేపు చూశాడు. మొగమాటానికి కనిపించిందనలేదు, నాకంటే నిజాయితీ గలవాడు. బస్సు ఒక మలుపు తిరిగింది. అప్పుడు వాడు ఒక్కసారిగా లేచి నిలబడి, "తాతా, కనిపించింది! కానీ అది ముసలాయన కాదు, నిద్రపోతున్న అవ్వ!" అన్నాడు. ముందు సీటులో ఉన్న కన్నడం ఆమె వెనక్కి తిరిగి నవ్వి, తానూ కిటికీ లోంచి తల బయటపెట్టి చూసింది.